వేలములో కొన్న సింహాసనము

చదువవలసిన భాగములు: అపొస్తలుల కార్యములు 8:9–24, మత్తయి 4:8–10, 1 పేతురు 5:1–4



వేలమనగా నేమో మన గ్రామములలో చిన్నపిల్లలకు కూడ తెలియును. చెరువులోని చేపలకు పాట పెట్టుదురు. బాట ప్రక్కనున్న చింతచెట్ల కాపుకు పాట పెట్టుదురు. సంతలో ఆశీలు వసూలు చేసికొను హక్కుకు పాట పెట్టుదురు. రచ్చబండయొద్ద అందరును కూడుకొందురు. ఒకడు వేయి యనును, వేరొకడు మరి నూరు కలుపును, ఒకటవసారి, రెండవసారి, మూడవసారి యని కేకవేసి కొట్టివేయుదురు. మన గుళ్లలో కూడ కోతపండుగనాడు విశ్వాసులు తెచ్చిన గుమ్మడికాయకు, కోడిపుంజుకు, తొలికంకుల కట్టకు పాట పెట్టుట కలదు. ఆ పాట వేరు. ఆ దినమున నలుబది రూపాయలు చేయని గుమ్మడికాయను నాలుగువందలకు పాడినవాడు గుమ్మడికాయను కొనుటలేదు. దేవునికి ఇచ్చుచున్నాడు, అదియు నవ్వుచు ఇచ్చుచున్నాడు.

ఈ నెల మనము ధ్యానింపబోవునది మరియొక పాటను గూర్చి. ఆ పాటలో సరకు చేపలు కావు, చింతపండు కాదు. బ్రిటను దీవి మొదలుకొని సిరియా దేశము వరకు వ్యాపించిన రోమా సామ్రాజ్యమే సరకు. క్రీస్తుశకము 193వ సంవత్సరము మార్చి 28వ తేదీన రోమా పట్టణపు సైనికుల పాళెముయొద్ద ఆ సామ్రాజ్యమును పాటకు పెట్టిరి. పాడుకొనినవాని పేరు డిడియస్ జూలియానస్. అతడు ఏలినది 66 దినములు.

ఈ కథ పరిశుద్ధ గ్రంథములోనిది కాదు. అయినను ఆ పాట పెట్టిన సైనికులను మనమెరుగుదుము. పౌలు ఫిలిప్పీయులకు వ్రాసిన పత్రిక మొదటి అధ్యాయము 13వ వచనములో ప్రేతోర్యమను సేనను గూర్చి చెప్పుచున్నాడు. తన సంకెళ్లు క్రీస్తు నిమిత్తమే కలిగినవని ఆ సేనలోని వారందరికిని తెలిసినదని అపొస్తలుడు సంతోషించెను. ఆ సేన చక్రవర్తి శరీరమును కాపాడుటకు ఏర్పడినది. పౌలు దినములకు ఇంచుమించు నూట ముప్పది సంవత్సరముల తరువాత అదే సేనవారు తమ కాపుదలలోనున్న చక్రవర్తిని చంపి, అతని ఆసనమును అమ్మకమునకు పెట్టిరి. ఒకప్పుడు సువార్త వినబడిన చోటనే ఈ కేకలు కూడ వినబడెను.

ఇది ఎట్లు జరిగెనో చెప్పెదము. 192 డిసెంబరు 31వ తేదీన కొమ్మోడస్ అను దుష్టచక్రవర్తిని అతని ఇంటివారే చంపించిరి. మరునాడు పెర్టినాక్స్ అను వృద్ధుడు చక్రవర్తి ఆయెను. ఇతడు దాస్యమునుండి విడుదల పొందినవాని కుమారుడు. యౌవనమున బడిపంతులుగా నుండి, తరువాత సేనలో చేరి, మెట్టు మెట్టుగా పైకి వచ్చినవాడు. ఖజానా వట్టిపోయి యుండెను గనుక అతడు కొమ్మోడస్ విలాసవస్తువులను అమ్మించి సైనికులకు కొంత చెల్లించెను. అయితే పట్టణములో ఇష్టమువచ్చినట్లు తిరుగుటకు అలవాటుపడిన సైనికులను ఒక్కసారిగా క్రమములోనికి తెచ్చుటకు పూనుకొనెను. మంచి ఉద్దేశమే గాని, ఏండ్ల తరబడి పెరిగిన తుమ్మను ఒక పూటలో పెరికివేయగోరినవానికి ముండ్లు గుచ్చుకొనక మానవు. 87వ దినమున ఇన్నూరుమంది వరకు సైనికులు కత్తులు దూసి నగరులోనికి చొరబడిరి. అతడు పారిపోలేదు, వారి యెదుటికే వచ్చి మాటలాడెను. క్షణకాలము వారు సిగ్గుపడి కన్నులు దించుకొని కత్తులు ఒరలలో పెట్టిరి. అంతలో ఒకడు ముందుకు దుమికి పొడిచెను. తరువాత అతని తలను ఈటెకు గుచ్చి పాళెమునకు కొనిపోయిరి.

పాళెములో అప్పటికే సల్పిసియానస్ అను పట్టణాధికారి యుండెను. సైనికులను శాంతింపజేయుటకు పెర్టినాక్స్ అతనిని ముందుగా అచ్చటికి పంపియుండెను. ఇతడు మరెవరో కాదు, చనిపోయిన చక్రవర్తికి పిల్లనిచ్చిన మామగారు. అల్లుని రక్తము ఆరకమునుపే ఆ సింహాసనము తన కిమ్మని బేరము మొదలుపెట్టెను.

మన కథలోని జూలియానస్ ఆ సమయమున తన యింట భోజనము చేయుచుండెనని హెరోడియన్ అను చరిత్రకారుడు వ్రాసెను. ఆ భోజనపు బల్లయొద్ద మనము కొంచెము ఆగవలెను. ఏలయనగా అతడు దొంగ కాడు, బందిపోటు కాడు. మంచి కుటుంబములో పుట్టి, మార్కస్ అరీలియస్ చక్రవర్తి తల్లిగారి యింట పెరిగినవాడు. సేనాధిపతిగా ఉత్తర దేశముల సరిహద్దులను కాచినవాడు. 175వ సంవత్సరములో పెర్టినాక్స్ తోనే కలిసి కాన్సల్ అను ఉన్నత పదవిలో నుండినవాడు. ఆఫ్రికా దేశమునకు పెర్టినాక్స్ తరువాత అధిపతిగా వెళ్లినవాడు. అందుచేత పెర్టినాక్స్ అతనిని నా సహచరుడు, నా తరువాతివాడు అని పిలుచుచుండెను. వయస్సు అరువది. ఇంట ధనమున్నది, భార్యయున్నది, కుమార్తె యున్నది. ఇంకేమి కావలెను? ఈ పాట సంగతి తెలియగానే భార్య మాన్లియా స్కాంటిల్లా, కుమార్తె డిడియా క్లారా, కూడ భోజనము చేయుచున్న స్నేహితులు, లెమ్ము, వెళ్లుము, ఇంత ధనము నీకు తప్ప ఎవరికున్నది అని అతనిని ప్రేరేపించిరట. ఒక్కరును, తాము అమ్ముచున్నది ఎవరి సొత్తు అని ఆ సైనికులను అడుగుమని చెప్పలేదు. మన యిండ్లలో కూడ శోధన అనేక పర్యాయములు వీధి తలుపు గుండా రాదు. అన్నము వడ్డించుచున్న చేతుల గుండా వచ్చును.

అతడు పాళెమునకు పోయెను. లోపలికి రానియ్యలేదు. గోడ బయట నిలిచి పాడసాగెను. లోపలనుండి సల్పిసియానస్ పాడుచుండెను. సైనికులు అటునిటు తిరుగుచు, అవతలివాడు ఇంత యనుచున్నాడు, నీవెంత కలిపెదవని ఇద్దరిని అడుగుచుండిరి. కాసియస్ డియో అను సెనేటు సభ్యుడు ఆ కాలమున రోమాలోనే యుండి ఈ సంగతులు వ్రాసెను. సంతలో వస్తువును అమ్మినట్లు పట్టణమును, రాజ్యమంతటిని అమ్మిరని అతడు సిగ్గుతో చెప్పుచున్నాడు. సల్పిసియానస్ పాట తలకు 5,000 దేనారముల వరకు వచ్చెను. అప్పుడు జూలియానస్ కొంచెము కొంచెముగా పెంచక, ఒక్క ఊపున 1,250 కలిపి, 6,250 అని పెద్దకేక వేసి, వ్రేళ్లతో కూడ చూపించెను. అంతేగాక, సల్పిసియానస్ అల్లుని చావుకు మీమీద పగతీర్చుకొనునని వారిని హెచ్చరించెను. పాట అతనిమీద కొట్టివేసిరి.

ఈ మొత్తమెంతో మన లెక్కలో చూతము. మత్తయి 20వ అధ్యాయములో ద్రాక్షతోట యజమానుడు దినమునకు ఒక దేనారము చొప్పున కూలి కుదుర్చుకొనెను. ఆ లెక్కను, ఆదివారము కూడ మానక పనిచేసిన కూలివాని పదునేడేండ్ల కూలి, ఒక్కొక్క సైనికునికి! నాణెములోని వెండి ఆ నాటికి కొంత తరిగినదనుట నిజమే. అయినను అట్టి సైనికులు వేలమంది. ఒక మనుష్యుడు కూర్చుండు కుర్చీకి ఇంత వెల.

ఆ రాత్రి డియో భయముతో వణకుచుండెను. పెర్టినాక్స్ వలన ఆదరణ పొందినవాడు, న్యాయస్థానములో జూలియానస్ కు విరోధముగా అనేక పర్యాయములు వాదించినవాడు. ఇంట దాగియుండిన అనుమానము వచ్చునని తలంచి, స్నానము చేసి, భోజనము ముగించి, సైనికుల గుంపును త్రోసికొనుచు సభకు పోయెను. అచ్చట జూలియానస్ తాను ఒంటరిగా వచ్చితినని చెప్పెనట. సభ చుట్టును సైనికులే, సభలోపల కూడ సైనికులే. అందరును తలలూపిరి.

ఆ రాత్రియే నగరులో అతడు పెర్టినాక్స్ కొరకు వండిన సామాన్యమైన భోజనమును చూచి ఎగతాళి చేసి, శవము ఇంకను ఆ యింటనే యుండగా విందు తెప్పించుకొని పాచికలాడెనని డియో వ్రాసెను. వేరొక గ్రంథకర్త ఇది పగవారు కల్పించిన మాటయని, జూలియానస్ మిక్కిలి మితముగా తినువాడని, పెర్టినాక్స్ ను సమాధి చేయువరకు భోజనమే ముట్టలేదని వ్రాయుచున్నాడు. మేమైతే ఈ రెండవ మాటనే నమ్మగోరుచున్నాము. ఎందుకన, అతనిని తిండిపోతుగాను, జూదరిగాను చేసినయెడల మనము సులభముగా తప్పించుకొందుము. మనము జూదరులము కాము గదా! మితముగా తినువాడును, చనిపోయినవానిని గౌరవించువాడునైన పెద్దమనిషి కూడ అట్టి పాట పాడెననుటయే మనకు భయము పుట్టించవలసిన సంగతి.

మరునాడు ఒక సంగతి జరిగెను. ఈ కథ అంతటిలో మన హృదయములను మిక్కిలి కదిలించిన భాగమిదే. అతడు సభామందిరము ముంగిట తన దేవతకు బలి అర్పించుటకు రాగా, జనులు ముందుగా ఒప్పందము చేసికొనినట్లు ఒక్క గొంతుతో కేకలువేసి, రాజ్యమును దొంగిలించినవాడవు, తండ్రిని చంపినవాని వంటివాడవు అని నిందించిరి. అతడు కోపము కనబడనియ్యక, మీకును డబ్బిచ్చెదనని చెప్పెను. సైనికులకు సరిపోయిన మందు వీరికిని సరిపోవునని అతని తలంపు. ఆ జనులెవరు? రోమా పట్టణపు బీదలు. నెల నెల ప్రభుత్వమిచ్చు గోధుమలు తెచ్చుకొని బ్రదుకువారు అందులో ననేకులు. వారు ఆ మాట విని, మమ్మును కూడ కొనవచ్చుననుకొంటివా యని మండిపడి, మాకు అక్కరలేదు, మేము తీసికొనము అని బొబ్బలు పెట్టిరి. చుట్టునున్న కట్టడములు ప్రతిధ్వని యిచ్చెనని, ఒళ్లు జలదరించెనని డియో వ్రాయుచున్నాడు. తరువాత వారు పందెముల మైదానములో చేరి ఆ రాత్రియు మరుసటి పగలును అన్నపానములు లేక కూర్చుండి, సిరియాలోనున్న సేనాధిపతిని తమకు సహాయముగా రమ్మని కేకలువేసిరి. సభలోని ధనవంతులు తలలూపిన చోట, పస్తులున్న బీదలు తలయడ్డముగా త్రిప్పిరి.

తక్కిన దినములు త్వరగా గడచెను. సిరియాలో నైజర్ అను సేనాధిపతి, బ్రిటనులో ఆల్బినస్, డాన్యూబు నది తీరమున సెప్టిమియస్ సెవెరస్. ఈ ముగ్గురికిని పెద్ద సేనలుండెను. సెవెరస్ సమీపముననుండెను, ఏప్రిల్ నెలలో అతని సేనలు అతనిని చక్రవర్తియని చాటగా, ఛాతీకవచము విప్పకయే రోమా దిక్కునకు నడచెను. జూలియానస్ సభచేత అతనిని దేశద్రోహియని ప్రకటింపజేసెను, అతనిని చంపుటకు మనుష్యులను పంపెను, తుదకు రాజ్యములో సగభాగ మిచ్చెదనని కబురు చేసెను. పాటకు అలవాటుపడిన నాలుక మరియొక మాట ఎరుగదు. పట్టణములో కందకములు త్రవ్వించబోగా, విలాసములకు మరగిన ఆ సైనికులు పలుగు పట్టుకొనలేక కూలికి మనుష్యులను పెట్టుకొనిరి. యుద్ధమునకు తెచ్చిన ఏనుగులు వీపుమీది గోపురములను మోయలేక మావటీలను సహా క్రింద పడద్రోసెను. నగరునకు ఇనుపజాలి తలుపులు, గట్టి గడియలు పెట్టించెను. పెర్టినాక్స్ తలుపులు వేసికొనలేదు గనుక చచ్చెను, తాను వేసికొందును గనుక బ్రదుకుదునని అతడనుకొనెను. ఇది చూచి అందరికంటె మేము నవ్వితిమని డియో చెప్పుచున్నాడు. మాకు నవ్వు రాలేదు. రాత్రివేళ గడియ పడెనో లేదోయని మరల మరల లేచి చూచు వృద్ధుడు మా కన్నుల యెదుట నిలుచుచున్నాడు.

ఆ భయములోనే అతని చేతులకు రక్తమంటెను. కొమ్మోడస్ చావునకు కారకులైన లేటస్ అను సేనాపతిని, మార్షియా అను స్త్రీని చంపించెను. ఈ మార్షియా కొమ్మోడస్ ఉంపుడుగత్తె. ఆమె జీవితము మెచ్చదగినది కాదు గాని, సార్డీనియా దీవి గనులలో విశ్వాసము నిమిత్తము మగ్గుచున్న క్రైస్తవుల పట్టికను రోమా సంఘాధ్యక్షుడు విక్టర్ గారియొద్ద తీసికొని, చక్రవర్తితో చెప్పి వారిని విడిపించినది ఆమెయే. అంతకంటె ఘోరమైన మాట డియో వ్రాసెను: భవిష్యత్తును తెలిసికొని తప్పించుకొనవలెనని జూలియానస్ మాంత్రిక క్రియల కొరకు అనేకులైన చిన్నబాలురను చంపించెను.

సెవెరస్ దగ్గరకు వచ్చి, పెర్టినాక్స్ ను చంపినవారిని అప్పగించినయెడల తక్కినవారికి హానిచేయనని సైనికులకు లేఖలు పంపెను. అమ్మినవారే కొన్నవానిని విడిచిపెట్టిరి. తమకు రావలసినదంతయు రాలేదను కోపము కూడ వారికుండెనని హెరోడియన్ చెప్పుచున్నాడు. తలలూపిన సభ మరల తలలూపి అతనికి మరణశిక్ష విధించెను. జూన్ నెల ఆరంభమున ఒక సైనికుడు నగరులోనికి పోయి, జాలితలుపుల వెనుక ఒంటరిగానున్న అతనిని చంపెను. చనిపోవునప్పుడు అతడడిగిన కడపటి ప్రశ్న: నేనేమి కీడు చేసితిని? ఎవరిని చంపితిని?

ప్రియులారా, ఆ ప్రశ్న కపటమని మేమనుకొనము. లేటస్, మార్షియా, పేరులేని ఆ పిల్లలు, వీరిలో ఒక్కరును ఆ ఘడియలో అతనికి జ్ఞాపకము రాలేదు. తాను వెల చెల్లించి కొనినవాడు, వెల చెల్లించినవానికి దోషమేమున్నది? కొనుగోలు చేసినవాని మనస్సాక్షి ఇట్లే మొద్దుబారును. శవమును భార్యకును కుమార్తెకును ఇయ్యగా, వారు పట్టణమునకు వెలుపల లాబికానా మార్గమున అతని ముత్తాత సమాధిలో పెట్టించిరి. ఆ పూట బల్లయొద్ద లెమ్ము, వెళ్లుము అని చెప్పినవారే.

అమ్మినవారి సంగతి కూడ చెప్పవలెను. సెవెరస్ వారిని ఆయుధములు లేకుండ, పండుగ బట్టలతో, పట్టణము వెలుపలికి రమ్మనెను. వచ్చినవారిని తన సేనచేత చుట్టుముట్టించి, బట్టలును నడికట్లును ఊడదీయించి, గుఱ్ఱములను లాగికొని, రోమాకు నూరుమైళ్ల లోపల కనబడినయెడల చావు తప్పదని వెళ్లగొట్టెను. వారిలో ఒకని గుఱ్ఱము యజమానుని విడువక, సకిలించుచు వెంటబడి వచ్చెనట. అతడు ఆ గుఱ్ఱమును చంపి, తన్నును చంపుకొనెను. ఏ పాటలోను వెల కట్టని నమ్మకము ఆ మూగజీవి యొద్ద నుండెను. ఆ పాళెపు గోడలు కొన్ని నేటికిని రోమాలో నిలిచియున్నవి.

ఇప్పుడు సమరయకు పోదము. సీమోను గారడీవాడు బాప్తిస్మము పొందినవాడే, ఫిలిప్పును విడువక వెంట తిరిగినవాడే. అపొస్తలులు చేతులుంచగా పరిశుద్ధాత్మ అనుగ్రహింపబడుట చూచి, ఆ అధికారము తనకును ఇమ్మని ద్రవ్యము తెచ్చెను. పేతురు ఆ వెండి అతనితో కూడ నశింపవలెనని గద్దించెను. గమనింపుడి, పేతురు వెల చాలదనలేదు. దేవుని వరము ద్రవ్యముతో వచ్చుననుకొనుటయే తప్పు అనెను. వెంటనే మారుమనస్సుకు ద్వారము కూడ తెరచెను. సీమోను తన కొరకు ప్రార్థింపుడని వేడుకొనెను. ఆ తరువాత అతడేమాయెనో లూకా వ్రాయలేదు. పాశ్చాత్య భాషలలో సంఘపదవులను అమ్ముట కొనుటకు నేటికిని అతని పేరే నిలిచిపోయెను. 451వ సంవత్సరములో కల్కెదోనులో కూడిన గొప్ప సభ, డబ్బు పుచ్చుకొని అభిషేకమిచ్చిన అధ్యక్షుని పదవినుండి త్రోసివేయవలెనని కట్టడ చేసెను. అట్టి కట్టడ కావలసివచ్చెననగా, ఆ రోగము అప్పటికే ఇంటిలోనికి వచ్చెనన్నమాట.

మన ప్రభువు యెదుట కూడ ఒక పాట జరిగెను. ఎత్తయిన కొండమీద సాతాను లోకరాజ్యములన్నిటిని చూపి, ఒక్కసారి సాగిలపడుమనెను. జూలియానస్ కొన్న రోమాయు ఆ రాజ్యములలో నుండెను. అడిగిన వెల బహు తక్కువ. దేనారములు కావు, మోకాలు వంచుట. ఆయన వెల తగ్గింపుమనలేదు, గడువు అడుగలేదు. పొమ్మనెను. తరువాత ఆయనయే వెల చెల్లించెను, కాని కుర్చీకి కాదు. వెండి బంగారములతో కాక అమూల్యమైన రక్తముతో మనము విమోచింపబడితిమని పేతురు తన పత్రికలో చెప్పుచున్నాడు. ఒకసారి కొనబడిన మనుష్యుని మరల పాటకు పెట్టు హక్కు ఎవరికున్నది? చివరకు ఆ మనుష్యునికే లేదు.

రోమాలో ఆ పాట జరిగిన నాలుగేండ్లకు, 197వ సంవత్సరములో, కార్తేజి పట్టణపు టెర్టూలియన్ గారు క్రైస్తవుల పక్షముగా అధికారులకు ఒక గ్రంథము వ్రాసెను. అందులో సంఘపు పెద్దలను గూర్చి ఆయన చెప్పిన సంగతి, వారు ఆ గౌరవమును వెలయిచ్చి పొందలేదు, పరీక్షింపబడిన నడవడిచేత పొందిరని. దేవునిది ఏదియు వెలకు రాదని కూడ చెప్పెను. సంఘములో ఒక పెట్టె యుండెను. నెలకొకసారి, లేక ఎవరికి ఇష్టమైనప్పుడు వారు, కొంచెము వేయుదురు, బలవంతము లేదు. ఆ సొమ్ము విందులకు కాదు. బీదల అన్నమునకును, వారి సమాధికిని, తలిదండ్రులు లేని పిల్లలకును, పని చేయలేని ముసలి దాసులకును, విశ్వాసము నిమిత్తము గనులలోను చెరసాలలలోను ఉన్నవారికిని. చక్రవర్తులే ఆసనమును కొనుచున్న లోకములో ఆ చిన్న సంఘమునకు ఇట్లు చెప్పుకొను ధైర్యముండెను.

ఇక మన సంగతి. సంఘపెద్దల ఎన్నికలు వచ్చినప్పుడు మన గ్రామములలో ఏమి జరుగుచున్నదో పత్రికలో వ్రాయుట కొందరికి నచ్చకపోవచ్చును. కాని మా తప్పును మేము ఒప్పుకొని వ్రాసినయెడల ఎవరును అభ్యంతరపడరు గదా. మేము పరిచర్య చేసిన ఒక గ్రామములో కోశాధికారి పదవికి ఒక పెద్దమనిషి నిలిచెను. చెడ్డవాడు కాడు. ప్రార్థనకు వచ్చువాడు, కష్టములో ఆదుకొనువాడు. ఎన్నికకు ముందు వారము ఇంటికొక చీర, పది కిలోల బియ్యము పంపించెను. తాను గెలిచినయెడల గుడికి కొత్తరేకులు వేయించెదనని మాతో చెప్పెను. గుడి కారుచుండెను. మేము నోరు మెదపలేదు. ఆ దినమున పాళెపు గోడమీద నిలిచి, అవతలివాడు ఎంత కలుపునోయని చూచినవారిలో మేమును ఒకరము.

ఒక విధవరాలు మాత్రము చీరను మడత విప్పకయే తీసికొనిపోయి ఆయన అరుగుమీద పెట్టెను. నాట్లకు, కలుపునకు కూలికి పోవు మనిషి. "అయ్యా, పండుగకు పెట్టియుంటే కళ్లకద్దుకొని కట్టుకొందును. చెయ్యెత్తుటకు పెట్టితే నాకు వద్దు" అని చెప్పి వచ్చెను. బియ్యము మాత్రము అప్పటికే సగము వండుకొంటినని, తక్కినది తెచ్చితినని, తిన్నదానికి రెండు దినములు మీ చేనిలో పని చేసెదనని కూడ చెప్పెనట. ఊరిలో కొందరు నవ్విరి.

ఆయన గెలిచెను. రేకులు వేయించెను, మాట తప్పలేదు. కాని మూడు సంవత్సరములు లెక్క అడిగినవారు లేరు. ఒకసారి ఒక యౌవనస్థుడు అడుగగా, మీకందరికి అప్పుడే ముట్టినది గదా అని ఆయన నవ్వుచు అనెను. ఎవరును బదులు చెప్పలేదు. అది నిజమే గనుక. రోమాలో అమ్మినవారు కొన్నవానిని తమ పిడికిట పెట్టుకొనిరి, మా ఊరిలో కొన్నవాడే అమ్మినవారిని పిడికిట పెట్టుకొనెను. వర్షాకాలమున ఆ రేకులమీద వాన పడినప్పుడు మా ప్రసంగము మాకే వినబడెడిది కాదు.

తరువాతి ఎన్నిక వచ్చెను. మరల సంచులు ఇంటింటికి వచ్చెను. ఈసారి మేము ఆదివారము ప్రసంగవేదికనుండి, మొదట మా మౌనమును ఒప్పుకొని, ఆ విధవరాలి పేరు చెప్పకయే ఆమె చేసిన పనిని చెప్పితిమి. ఆమె తల వంచుకొని కొంగు సరిచేసికొనుచు కూర్చుండెను. సాయంకాలమునకు తొమ్మిది ఇండ్లవారు తమ సంచులను మోసికొని పోయి ఆయన అరుగుమీద వరుసగా పెట్టి వచ్చిరి. తొమ్మిదే, ఆ ఊరిలో మన వారి ఇండ్లు నలుబదికి పైగా నున్నవి. దీపములు పెట్టిన తరువాత కూడ ఆయన ఆ సంచుల ప్రక్కను చాలసేపు కూర్చుండెనని చూచినవారు చెప్పిరి. మరుసటి ఆదివారము ఆయన ఎప్పటివలె ముందు వరుసకు రాలేదు. మొదటి కీర్తన అయిన తరువాత వచ్చి, తలుపు ప్రక్కను, చాపమీద ఖాళీగానున్న చోట కూర్చుండెను.